ఆయిల్ ఊరికి పని మీద పోతున్నారా?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో నాలుగు ఒకే ఊరి చుట్టూ తిరిగాయి. అమెరికాలో టెక్సాస్ రాష్ట్రం పడమటి వైపున్న మిడ్‌లాండ్, దానికి ముప్పై కిలోమీటర్ల దూరంలో ఒడెస్సా. ఆ ప్రాంతాన్ని పర్మియన్ బేసిన్ అంటారు. మన తెలంగాణ కంటే పెద్దది, పక్కనున్న న్యూ మెక్సికో రాష్ట్రంలోకి కూడా పాకి ఉంటుంది. అక్కడ రోజుకు 60 లక్షల పీపాలకు (బ్యారెళ్ళకు) పైగా క్రూడ్, అంటే ముడి చమురు తీస్తున్నారు, మన దేశమంతా కలిపి రోజూ వాడేది కూడా అంత ఉండదు. ఇన్‌స్ట్రుమెంటేషన్, అంటే మీటర్లు, గేజీల పని మీద నేను ఆ ఊరికి నాలుగుసార్లు పోయొచ్చాను కాబట్టి ఈసారి జవాబులు నా మీద పడ్డాయి.

ప్రశ్న: అన్నా, మాది మిర్యాలగూడ. హైదరాబాద్‌లో ఫ్లో మీటర్లు (పైపులో ఎంత పారిందో కొలిచేవి), వాటి సాఫ్ట్‌వేర్ అమ్మే కంపెనీలో చేస్తాను. మే నెలలో మూడు వారాలు మిడ్‌లాండ్ పంపిస్తున్నారు. బీ1 వీసా, అంటే కంపెనీ పని మీద కొన్నాళ్ళు పోయొచ్చే వీసా ఉంది. అక్కడ ఎట్లుంటదని మేనేజర్‌ని అడిగితే "ఎండ, దుమ్ము, అంతే" అన్నాడు. యూట్యూబ్‌లో చూస్తే మంటలు, ట్రక్కులు తప్ప ఏం కనిపించలేదు. ఏం సర్దుకోవాలి, దేనికి భయపడాలి?

జవాబు: తమ్ముడూ, మీ మేనేజర్ అబద్ధమేమీ చెప్పలేదు గానీ మొదట చెప్పాల్సింది రూమ్ గురించి. దామరచర్లలో థర్మల్ ప్లాంట్ పనులు జోరు మీదున్నప్పుడు మీ ఊళ్ళో సింగిల్ రూమ్ కోసం ఎంతమంది తిరిగారో నువ్వు చూసే ఉంటావు. మిడ్‌లాండ్‌దీ అదే కథ, కాకపోతే డాలర్లలో. క్రూడ్ ధర పెరిగితే హోటల్ రేటు పెరుగుతుంది, పడితే పడుతుంది, మీ ఆఫీసు వాళ్ళు రోజుకు ఎంత భత్యం రాశారన్నది అక్కడ ఎవరికీ పట్టదు.

నేను మొదటిసారి పోయింది 2014 సెప్టెంబరులో. రాత్రి పదకొండున్నరకి హోటల్ కౌంటర్ దగ్గర నిలబడితే "మీ బుకింగ్ ఉంది సార్, రూమే లేదు" అన్నాడు. డ్రిల్లింగ్ బ్యాచ్ ఒకటి ఇంకో వారం ఉంటామన్నదట. వాళ్ళు నెలల తరబడి ఉండే గిరాకీ, నేను మూడు రాత్రుల మనిషిని, ఎవరి వైపు మొగ్గుతాడో చెప్పక్కర్లేదు కదా. ఊరంతా ఫోన్లు చేసినా ఖాళీ లేదు. చివరికి అరవై కిలోమీటర్లు వెనక్కి పోయి బిగ్ స్ప్రింగ్ అనే ఊళ్ళో రెండొందల పైచిలుకు డాలర్లకు గది పట్టుకున్నా, అందులో ఏసీ మోత మీ ఊరి రైస్ మిల్లు మోత. అదే మిడ్‌లాండ్ హోటల్ 2016లో నాకు 70 డాలర్లకు గది ఇచ్చి, టిఫిన్ చేసి పోండి సార్ అని మర్యాద చేసింది. ఈ మధ్యలో జరిగిందల్లా పీపా ధర తొంభై డాలర్ల పైనుంచి ముప్పైలోకి జారడమే.

అందుకని టికెట్ కంటే ముందు రూమ్ ఖాయం చేయించు. బయలుదేరే ముందు రోజు నువ్వే ఫోన్ చేసి "రాత్రి లేటుగా వస్తా, గది ఎవరికీ ఇవ్వొద్దు" అని చెప్పి, మాట్లాడిన మనిషి పేరు రాసుకో. ఇంకో వింత ఏంటంటే, మామూలు ఊళ్ళలో శని, ఆదివారాలు రేటు ఎక్కువ కదా, ఇక్కడ మంగళ, బుధవారాలు ఎక్కువ, ఎందుకంటే వచ్చేవాళ్ళంతా పనికి వచ్చేవాళ్ళే, వారాంతానికి ఇళ్ళకు పోతారు. సరి సంవత్సరాల్లో అక్టోబరులో ఒడెస్సాలో పెద్ద ఆయిల్ షో జరుగుతుంది, ఆ వారంలో మాత్రం అటు పోయే ఆలోచనే పెట్టుకోవద్దు. నీది మే కాబట్టి ఫర్వాలేదు. కారు కూడా రూమ్‌తో పాటే బుక్ చేయించు, అది లేకుండా అక్కడ టీ తాగడానికి కూడా పోలేవు.

విమానం దగ్గర ఒక చిన్న తిరకాసు. డాలస్‌లో రెండు విమానాశ్రయాలు ఉన్నాయి, పెద్దది డీఎఫ్‌డబ్ల్యూ, ఊళ్ళో ఉన్నది లవ్ ఫీల్డ్. హైదరాబాద్ నుంచి ఎక్కడో మారి పెద్దదాంట్లో దిగి, మిడ్‌లాండ్ విమానం లవ్ ఫీల్డ్ నుంచి ఉందని అప్పుడు చూసుకుంటే ట్యాక్సీలో గుండె చేతిలో పెట్టుకుని పోవాల్సిందే. రెండు టికెట్లూ ఒకే బుకింగ్‌లో ఉండేట్టు చూసుకో. డాలస్ నుంచి గంట పైన చిల్లర ప్రయాణం, రోడ్డు మీదైతే 530 కిలోమీటర్లు.

ఇంకో మాట, "మిడ్‌లాండ్ పంపిస్తున్నాం" అంటే సైట్ మిడ్‌లాండ్‌లో ఉందని కాదు. మిడ్‌లాండ్‌లో ఉండేవి ఆఫీసులు, టై కట్టుకున్నవాళ్ళు. యార్డులు, వర్క్‌షాపులు, ఒళ్ళంతా గ్రీజు పూసుకున్న మనుషులు ఒడెస్సాలో. బావుల్లో చాలా ఇంకా అవతల పేకోస్ దగ్గర, అంటే మిడ్‌లాండ్ నుంచి 150 కిలోమీటర్లు, లేదంటే న్యూ మెక్సికోలో. సైట్ ఎక్కడో మ్యాప్‌లో పిన్ పంపమను, ఆ తర్వాతే హోటల్ ఏ ఊళ్ళో తీసుకోవాలో తేలుతుంది. న్యూ మెక్సికో అయితే టైమ్ కూడా ఒక గంట వెనక్కి. సరిహద్దు దాటగానే ఫోన్ తనంతట తనే మార్చేసుకుంటుంది. మీటింగు ఏ టైమ్ ప్రకారమో అడక్కుండా పోయి నేను ఒక గేటు ముందు గంటసేపు దుమ్ములో కూర్చున్నా.

ఊరు చూడగానే నీకు కొత్తేమీ అనిపించదు, ఇది నిజం. బల్లపరుపు నేల, ఎండిన పొదలు. ఆ పొదలు మెస్కీట్ అంటారు, మన సర్కారు తుమ్మకు దగ్గర చుట్టం. చెప్పులతో గడ్డిలో నడిస్తే గుచ్చుకునేది పల్లేరు కాయే, అక్షరాలా అదే మొక్క, వాళ్ళు మేక తల అని పిలుస్తారు. చమురు తోడే పంప్‌జాక్‌లు మాత్రం కళ్ళు తిప్పుకోనివ్వవు. మన తాతల కాలం ఏతం గుర్తుందా, ఆ ఏతాన్ని ఇనుముతో చేసి మోటారు బిగిస్తే ఎట్లుంటదో అట్లా, వందలకొద్దీ, ఒకదాని వెనక ఒకటి తల ఊపుతుంటాయి. మనం ఎనిమిది వందల అడుగులు బోరు వేయించి నీళ్ళు పడలేదని తల పట్టుకుంటాం. వాళ్ళు రెండు మైళ్ళు కిందికి దిగి, అక్కడ పక్కకు తిరిగి మరో రెండు మైళ్ళు రాతిలో అడ్డంగా పోతారు, ఇసుక కలిపిన నీళ్ళు విపరీతమైన ప్రెషర్‌తో కొట్టి ఆ రాయిని పగలగొడతారు. ఈ పద్ధతి వచ్చాకే, పని అయిపోయిందనుకున్న బేసిన్ మళ్ళీ లేచింది. ఆ ఇసుక, ఆ నీళ్ళు, పైపులు, మనుషులు అన్నీ వచ్చేది రోడ్డు మీదే.

అసలు భయం అక్కడుంది. మంటలు చూసి భయపడకు. క్రూడ్‌తో పాటు గ్యాస్ కూడా పైకి వస్తుంది, దాన్ని తీసుకుపోవడానికి సరిపడా పైపులైన్లు లేనప్పుడు కొంత చిమ్నీ మీద కాల్చేస్తారు. అక్కడి వాహా అనే గ్యాస్ మార్కెట్లో ధర సున్నా కిందికి పోయిన రోజులున్నాయి, 2024లో అయితే చాలా రోజులు, అంటే గ్యాస్ పట్టుకుపోతే ఎదురు డబ్బులిస్తామన్నమాట. మన ఇళ్ళల్లో సిలిండర్ రేటు తలచుకుంటే కడుపు మండుతుంది గానీ ఆ మంట నీ జోలికి రాదు. రోడ్డు వస్తుంది. అమెరికాలో చమురు, గ్యాస్ పనుల్లో చనిపోయేవాళ్ళలో ఎక్కువమందిని మింగేది వాహన ప్రమాదాలే. పేకోస్ నుంచి న్యూ మెక్సికో వైపు పోయే 285 నంబరు రోడ్డుకు అక్కడి జనం పెట్టిన పేరు చావు రోడ్డు.

నార్కట్‌పల్లి – అద్దంకి రోడ్డు మీద రాత్రిపూట సిమెంటు లారీల మధ్య బండి నడిపినవాడివైతే సగం పాఠం వచ్చేసినట్టే. మిగతా సగం ఏంటంటే అక్కడ వేగం గంటకు 120 దాటి ఉంటుంది, కుడివైపు నడపాలి, ఎదురుగా వచ్చే ట్రక్కు డ్రైవరు పన్నెండు గంటల డ్యూటీ దిగి నిద్రకు పోతున్నవాడై ఉండొచ్చు. షిఫ్టులు మారేది పొద్దున ఆరు, సాయంత్రం ఆరు ప్రాంతంలో. ఆ రెండు గంటలూ హైవే మీద ఉండకుండా నీ పని సర్దుకో, క్లయింట్‌కి చెబితే అర్థం చేసుకుంటాడు, నవ్వడు. రెండు లేన్ల రోడ్డు మీద ఓవర్‌టేక్ చేయకు, ఎంత లేటైనా సరే. ముందు పోయే ట్రక్కుల నుంచి రాళ్ళు ఎగిరి అద్దం పగలడం మామూలే కాబట్టి అద్దెకారు ఇన్సూరెన్స్ పూర్తిగా తీసుకో, అక్కడ పది డాలర్లు మిగిల్చుకోవాలని చూడకు. ఆర్టీఏ ఆఫీసులో ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకుని పో, ఏడాది చెల్లుతుంది, మన లైసెన్సు కూడా జేబులో ఉండాలి. పల్లె రోడ్లలో ఎదురొచ్చేవాళ్ళు స్టీరింగ్ మీంచి ఒక వేలు ఎత్తుతారు, తిట్టు కాదు, పలకరింపు. నువ్వూ ఎత్తు.

సైట్‌లో భయపడాల్సింది ఒక్కటే, హైడ్రోజన్ సల్ఫైడ్. వాళ్ళు హెచ్ టూ ఎస్ అంటారు. కుళ్ళిన గుడ్డు వాసన వస్తుంది, కానీ మోసమంతా అక్కడే ఉంది, గాలిలో పదిలక్షల వంతుల్లో వంద వంతులు దాటితే ముక్కు మొద్దుబారి వాసన ఆగిపోతుంది. వాసన పోయింది కాబట్టి గ్యాస్ పోయిందనుకుంటే అక్కడే పడిపోతారు. గాలి కంటే బరువు కాబట్టి గుంతల్లో, పంపు షెడ్లలో నిలబడి ఉంటుంది. కాలరుకు తగిలించుకునే చిన్న డిటెక్టర్ ఇస్తారు, అగ్గిపెట్టెకు రెండింతలుంటుంది, పది దగ్గరే కీచుమని అరుస్తూ వణుకుతుంది. అది అరిచిందా, చేతిలో ల్యాప్‌టాప్ ఉన్నా వదిలేసి, గాలి దిక్కు చూపే గుడ్డ ఎటు ఊగుతోందో చూసి గాలికి అడ్డంగా లేదా ఎదురుగా నడిచిపో. 2019 అక్టోబరులో ఒడెస్సాలో ఒక పంపు స్టేషన్‌లో రాత్రిపూట ఒక్కడే పనికి పోయిన కార్మికుడు ఈ గ్యాస్‌కి చనిపోయాడు, ఎంతకీ ఇంటికి రాలేదని వెతుక్కుంటూ వచ్చిన భార్య కూడా అక్కడే చనిపోయింది. అతని డిటెక్టర్ ట్రక్కులోనే ఉండిపోయింది. నేను దాన్ని ఆ తర్వాత ఎప్పుడూ చొక్కాకే పెట్టుకున్నా, భోజనం దగ్గర కూడా.

నీకు నచ్చని సంగతి ఒకటుంది, గడ్డం. గ్యాస్ మాస్కు ముఖానికి గట్టిగా అంటుకోవాలి, వెంట్రుకలుంటే అంటుకోదు, అందుకని చాలా సైట్లలో నున్నగా గీసుకుంటేనే గేటు దాటనిస్తారు. కార్తీకంలో అయ్యప్ప మాల వేసే అలవాటుంటే ఆ రోజుల్లో ఇలాంటి ప్రయాణం ఒప్పుకోకు, గడ్డం తీయకూడదు, చెప్పులేసుకోకూడదు అని దీక్ష, ఉక్కు బూట్లు లేకుండా లోపలికి రావొద్దని వాళ్ళు, మధ్యలో నువ్వు నలిగిపోతావు. ఒంటినిండా వేసుకునే, మంటకు తట్టుకునే కవరాల్, ఉక్కు ముందరి బూట్లు, హెల్మెట్, కళ్ళద్దాలు కావాలి. లోపల వేసుకునేవన్నీ నూలువే వేసుకో, పాలిస్టర్ అయితే మంటకి కరిగి చర్మానికి అంటుకుంటుంది. ఒక రోజు సేఫ్టీ క్లాసు చేయించి కార్డు ఇస్తారు, అది లేకుండా గేటు దగ్గరే ఆపేస్తారు కాబట్టి మొదటి రోజు పని ఏదీ పెట్టుకోకు.

వీసా సంగతి. మీ కంపెనీ అమ్మిన మీటరును బిగించి చూపడం, అక్కడి వాళ్ళకు నేర్పడం బీ1 మీద కుదురుతుంది, కానీ ఆ సంగతి కొనుగోలు ఒప్పందంలో రాసి ఉండాలి, జీతం ఇండియా నుంచే రావాలి. ఆ కాగితం కాపీ చేతి సంచిలో పెట్టుకో. సైట్‌లో ఎవడైనా "ఈ పక్క వాల్వు కూడా కాస్త చూడు బ్రదర్" అంటే మొహమాటపడి స్పానర్ పట్టకు.

తిండికి అంత టెన్షన్ పడక్కర్లేదు. ఇంటి నుంచి రైస్ కుక్కర్ మాత్రం మోసుకుపోకు. అక్కడ కరెంటు 120 వోల్టులు, మన 230 వోల్టుల కుక్కర్ పెడితే గంటన్నరకి కూడా బియ్యం బియ్యంలాగే ఉంటాయి, నేను పెట్టి చూశా. అక్కడే వాల్‌మార్ట్‌లో చిన్నది కొనుక్కో. పచ్చళ్ళు తీసుకుపోవచ్చు, విమానాశ్రయంలో తిండి ఉందని ముందే చెప్పేయాలి, చికెన్ పచ్చడి, మటన్ ఊరగాయ మాత్రం తీసి చెత్తబుట్టలో వేస్తారు. కారంపొడి, పప్పులపొడి పెద్ద పెట్టెలో వెయ్యి, చేతి సంచిలో పొడులు ఎక్కువుంటే పక్కకు నిలబెట్టి తీరిగ్గా చూస్తారు. నీళ్ళ విషయం మన నల్గొండ వాళ్ళకు వేరే చెప్పాలా, ఆ వైపు భూగర్భ జలాల్లోనూ ఫ్లోరైడ్ బాధ ఉంది, నల్లా నీళ్ళు ఉప్పగా ఉంటాయి, అందరూ సీసాలే కొంటారు, నువ్వూ కారు డిక్కీలో ఒక పెట్టె పెట్టుకో. మేలో కొన్ని రోజులు ఎండ 38 దాటుతుంది, గాలి పొడి కాబట్టి చెమట తెలియదు, తలనొప్పి వచ్చాకే తెలుస్తుంది.

నాకు ఆ ఊళ్ళో ఇప్పటికీ గుర్తొచ్చేది తెల్లవారుజామున నాలుగూ ముప్పావుకు పెట్రోలు బంకు. బయట ఇరవై ముప్పై ట్రక్కులు, ఇంజన్లు ఆపరు. లోపల క్యూ. ఒక్కొక్కరి బూట్ల మీద సున్నం లాంటి తెల్లటి మట్టి, బావుల దగ్గరికి వేసే రోడ్లన్నీ ఆ మట్టితోనే వేస్తారు. ఒక చేతిలో మంచు గడ్డల సంచి, ఇంకో చేతిలో రేకు కాగితంలో చుట్టిన గుడ్డు బరీటో (రొట్టె చుట్ట), ఎవరూ మాట్లాడుకోరు. రెండు వారాలు పని, ఒక వారం సెలవు లెక్కన ఎక్కడెక్కడి నుంచో వచ్చి ఉంటారు, ఫోన్‌లో పిల్లల ఫొటో చూసుకుంటూ కాఫీకి నిలబడతారు. గల్ఫ్ నుంచి వచ్చిన మా మేనమామ చెప్పిన క్యాంపు కబుర్లే, మనుషుల రంగు వేరు. నువ్వు అక్కడ ఒకసారి నిలబడి చూడు, యూట్యూబ్‌లో లేని మిడ్‌లాండ్ అది.

ఆదివారం ఖాళీ దొరికితే ఒడెస్సా దాటాక మోనహాన్స్‌లో ఇసుక దిబ్బల పార్కు ఉంది, పళ్ళెం లాంటిది అద్దెకిస్తారు, దాని మీద కూర్చుని జారొచ్చు. మిడ్‌లాండ్‌లో పెట్రోలియం మ్యూజియం కూడా బాగుంటుంది, మీటర్ల పనివాడివి కాబట్టి నీకు ఇంకా బాగుంటుంది.

ప్రశ్న: సార్, మాది నల్గొండ. మా బావ డాలస్‌లో ఉంటాడు. ఒడెస్సాలో నలుగురు కలిసి రెండు ఇళ్ళు కొని ఆయిల్ పనివాళ్ళకు అద్దెకిద్దాం, నువ్వు 20 లక్షలు పెట్టు, నెలనెలా అద్దె వస్తది అంటున్నాడు. పెట్టొచ్చా?

జవాబు: మీ బావ చెప్పే అద్దె అబద్ధం కాకపోవచ్చు, ఈ సంవత్సరానికి. ఆ ఊరి చరిత్ర చూడండి. పర్మియన్‌లో పెద్ద ఎత్తున చమురు పడిన మొదటి బావి 1923 మేలో బిగ్ లేక్ దగ్గర, దానికి సాంటా రీటా అని పేరు పెట్టారు, అసాధ్యమైన కోరికలు తీర్చే సాధ్వి పేరు. అప్పట్నుంచీ ఆ ఊరు మొక్కుల మీదే బతుకుతోంది. 1970లలో ధర పెరిగి ఊరు పొంగింది, 1983 అక్టోబరులో మిడ్‌లాండ్‌లోని అతిపెద్ద బ్యాంకు కూలింది, 1986లో ధర మళ్ళీ కుప్పకూలింది. దేవుడా ఇంకొక్క బూమ్ ఇవ్వు, ఈసారి తగలెయ్యనని ఆ రోజుల్లో టెక్సాస్‌లో కార్ల వెనక స్టిక్కర్లు అంటించుకున్నారు. 2014 చివర మళ్ళీ పడింది. 2020 ఏప్రిల్ 20న అయితే అమెరికా క్రూడ్ ఫ్యూచర్స్ (ముందు తేదీకి కుదుర్చుకునే బేరాల) ధర సున్నా కింద 37.63 డాలర్ల దగ్గర ముగిసింది, అంటే పీపా తీసుకుపోయేవాడికే ఎదురిచ్చారు. ఆ నెలల్లో ఒడెస్సాలో అద్దెకుండేవాళ్ళు ఎంతమంది ఉండి ఉంటారో మీ బావనే అడగండి.

ఇల్లు ఖాళీగా ఉన్నా అక్కడ ఆస్తి పన్ను ఆగదు, టెక్సాస్‌లో ఆదాయపు పన్ను రాష్ట్రానికి లేదు కాబట్టి ఆస్తి పన్ను గట్టిగానే పిండుతారు. ప్లాంటు పనులు అయిపోయాక గదులు ఖాళీ అవడం మనమూ చూశాం కదా. 20 లక్షలు పోయినా మీ అక్కతో మాటలు ఆగిపోవనుకుంటేనే పెట్టండి. నేనైతే పెట్టను.

ప్రశ్న: మాది జడ్చర్ల దగ్గర పల్లె. నేను పైపు వెల్డర్ని, 6జీ అనే కష్టమైన వెల్డింగ్ పరీక్ష పాసయ్యాను, మస్కట్‌లో ఏడేళ్ళు చేశాను. టెక్సాస్ ఆయిల్ ఫీల్డులో గంటకు 40 డాలర్లు, ముందు విజిట్ వీసా మీద పోతే అక్కడ మార్చేస్తారని ఏజెంటు 4 లక్షలు అడుగుతున్నాడు. అడ్వాన్సు 50 వేలు ఇచ్చాను.

జవాబు: ఇంకొక్క రూపాయి ఇవ్వొద్దు అన్నా. విజిట్ వీసా మీద అక్కడ జీతానికి పని చేయడం చట్టవిరుద్ధం, పట్టుకుంటే తిప్పి పంపడమే కాదు, మళ్ళీ ఎప్పుడు వీసా అడిగినా ఆ మచ్చ కనిపిస్తుంది. పని వీసా కావాలంటే అక్కడి కంపెనీ ముందు తన పేరు మీద దరఖాస్తు పెట్టాలి, అది లేకుండా ఏ ఏజెంటూ ఏదీ మార్చలేడు. మన దేశంలో విదేశీ ఉద్యోగాలకు పంపే ఏజెంటుకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే రిజిస్ట్రేషన్ ఉండాలి, ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో నంబరు కొట్టి చూడొచ్చు. రిజిస్టరు అయిన ఏజెంటు కూడా 30 వేలు, దాని మీద జీఎస్టీ తప్ప మించి తీసుకోకూడదు. 4 లక్షలు అడిగాడంటేనే సంగతి తెలిసిపోతోంది. అడ్వాన్సు ఇచ్చినట్టు ఫోన్‌పే రసీదు, వాట్సాప్ మాటలు చెరిపేయకుండా ఉంచి పోలీసు స్టేషన్‌లో కాగితం ఇవ్వు. రాష్ట్ర ప్రభుత్వానిదే టామ్‌కామ్ అని సంస్థ ఉంది, అక్కడ పేరు రాయించుకో.

6జీ చేతిలో ఉన్నోడివి, అంత దూరం ఎందుకు, రాజస్థాన్‌లో బార్మేర్ కూడా ఆయిల్ ఊరే. 2004లో అక్కడ మంగళ అనే పెద్ద క్షేత్రం బయటపడింది, 2009 నుంచి క్రూడ్ తీస్తున్నారు. అక్కడి క్రూడ్ మైనంలా ఉంటుంది, చల్లారితే చలికాలం నెయ్యిలా గడ్డకడుతుంది, అందుకని గుజరాత్ తీరం దాకా దాదాపు 670 కిలోమీటర్ల పైపును దారంతా వేడి చేస్తూ పంపిస్తారు. ఆ పక్కనే పచ్‌పద్రాలో రిఫైనరీ కట్టారు. పైపు ఉన్నచోట వెల్డర్‌కి పని ఉంటుంది. ఎండ 48 దాకా పోతుంది, పాలమూరు మనిషికి అది చెప్పి భయపెట్టలేను.

ప్రశ్న: తమ్ముడూ, మాది దేవరకొండ. మా అబ్బాయి డాలస్‌లో ఉద్యోగం, ఇప్పుడు ఒడెస్సాకు రెండు నెలలు పంపించారు. రాత్రిపూట ఆకాశం ఎర్రగా మండుతున్న వీడియో పెట్టాడు, అప్పట్నుంచి నాకు నిద్ర లేదు. రోజూ పొద్దున లేవగానే ఐదింటికి ఫోన్ చేస్తాను, ఒక్కోసారి ఎత్తడు. ఏమైందోనని ప్రాణం కొట్టుకుంటది. ఆ మంటల మధ్య ఎట్ల ఉంటాడు?

జవాబు: అక్కా, ఆ మంటలు మీ అబ్బాయి ఉన్నచోట ఉండవు. ఊరి బయట బావుల దగ్గర ఎత్తైన గొట్టాల మీద మండుతాయి, నేల బల్లపరుపు కాబట్టి పది కిలోమీటర్ల అవతల ఉన్నది కూడా పక్కనే ఉన్నట్టు కనిపిస్తుంది. మన దగ్గర దూరాన ఎక్కడో ఉన్న సిమెంటు ఫ్యాక్టరీ లైట్లు రాత్రి ఎట్లా కనిపిస్తాయో అట్లాంటిదే. వాడు వీడియో తీశాడంటే బాగుందని తీశాడు, భయపడి తీయలేదు. వాణ్ణి ఒక్క మాట అడగండి, "చొక్కాకు గ్యాస్ మిషన్ పెట్టుకుంటున్నావా" అని. అమ్మ అడిగితే పెట్టుకుంటాడు.

ఫోన్ సంగతికి వస్తే, ఎండాకాలంలో అక్కడికీ మనకూ పదిన్నర గంటల తేడా, చలికాలంలో పదకొండున్నర. ఇప్పుడు మీకు పొద్దున ఐదైతే అక్కడ ముందు రోజు సాయంత్రం ఆరున్నర. సరిగ్గా షిఫ్టు దిగి, ట్రక్కుల మధ్యలో కారు నడుపుకుంటూ రూమ్‌కి వచ్చే టైమ్ అది. మీ ఫోన్ ఎత్తడం లేదంటే రెండు చేతులూ స్టీరింగ్ మీద ఉన్నాయని సంతోషించండి. ఇంకోసారి కారు నడుపుతూ ఎత్తితే పెట్టేయమని మీరే చెప్పండి. వాకిలి ఊడ్చి, ముగ్గేసి, టీ తాగి ఏడింటికి చేయండి, అప్పటికి వాడు బూట్లు విప్పేసి అన్నం పెట్టుకుంటూ ఉంటాడు.